రోడ్డు మీద చల్లే బ్లీచింగ్ బిందెలోకి రావాలి

ఆంధ్రప్రదేశ్ గ్రామీణ నీటి సరఫరా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

వరద తీసిన మర్నాడు ఏ ఊరికి వెళ్లినా ఒక దృశ్యం తప్పదు. పెద్దలు వచ్చే దారికి రెండు పక్కలా ముగ్గు గీసినట్టు తెల్లటి గీత ఉంటుంది. అది బ్లీచింగ్ పౌడరు, కొన్నిచోట్ల సున్నం కలిపింది. బురద మీద పడ్డ బ్లీచింగ్‌లోని క్లోరిన్ ఆ బురదలో కుళ్లుతున్న చెత్తకే సరిపోతుంది. క్రిముల దాకా పోదు. ఫొటోకు మాత్రం బాగుంటుంది. అదే ఊళ్లో, అదే రోజు, ట్యాంకర్ దగ్గర పట్టుకున్న బిందెలో క్లోరిన్ ఎంత ఉందని అడగండి. ట్యాంకర్‌లో ఎంత వేశారో చెప్పేవాళ్లు దొరుకుతారు గానీ బిందెలో ఎంత మిగిలిందో చెప్పేవాళ్లు దొరకరు. ఈ లేఖలో మేం అడిగేదంతా ఆ మిగిలినదాని గురించే.

2024 సెప్టెంబరు 1న బుడమేరు గండ్లు పడి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు డ్రోన్లతో, హెలికాప్టర్లతో, పడవలతో నీళ్ల సీసాలు, ప్యాకెట్లు అందించారు. మేడల మీద చిక్కుకున్నవాళ్లకు మొదటి రెండు రోజులూ అంతకంటే మార్గం లేదు, దాన్ని తప్పు పట్టడం లేదు. సింగ్ నగర్ పురపాలక శాఖ కిందికి వస్తుందని, మీ శాఖ కిందికి రాదని కూడా తెలుసు. కానీ మూడో రోజు నుంచి ఏం చేయాలన్నది ఊరికీ నగరానికీ ఒకటే లెక్క. ఆ లెక్క ఇలా ఉంటుంది.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ కింద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఇచ్చిన కనీస ప్రమాణాల ప్రకారం సహాయ శిబిరంలో మనిషికి రోజుకు 3 లీటర్ల తాగునీరు ఇవ్వాలి. ఇది తాగడానికే. వంటకు, చేతులు కడుక్కోవడానికి, పసిపిల్లల గుడ్డలకు కలిపి అంతర్జాతీయంగా పాటించే స్ఫియర్ ప్రమాణం మనిషికి 15 లీటర్లు. లక్ష మందికి 3 లీటర్ల చొప్పున ఇవ్వాలంటే 250 మిల్లీలీటర్ల ప్యాకెట్లు రోజుకు 12 లక్షలు కావాలి. అవే నీళ్లు 10,000 లీటర్ల ట్యాంకర్లలో అయితే 30 లోడ్లు. ఆ 12 లక్షల ప్లాస్టిక్ తొడుగులు మర్నాటికి ఏ కాలువలో అడ్డం పడతాయో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి మూడో రోజు నుంచి ట్యాంకర్లే దిక్కు. అసలు పొరపాట్లు మొదలయ్యేదీ అక్కడే.

5,000 లీటర్ల ట్యాంకర్ సంగతి చూద్దాం. తేటగా ఉన్న నీటికి లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ చొప్పున వేయాలంటే మొత్తం 10 గ్రాముల క్లోరిన్ కావాలి. కొత్త బ్లీచింగ్ పౌడరులో నూటికి 33 పాళ్లు క్లోరిన్ ఉంటుంది గనుక 30 గ్రాముల పౌడరు చాలు. కాగితం మీద ఇంత సులువు. కానీ ఆ పౌడరు నిరుడు విప్పిన బస్తాలోది, రేకుల షెడ్డులో ఎండకు ఎండి, చెమ్మకు గడ్డకట్టినది. దానిలో క్లోరిన్ సగానికి పడిపోయి ఉంటే అదే 30 గ్రాములు లీటరుకు 1 మిల్లీగ్రామే ఇస్తాయి. నీళ్లు కాస్త మడ్డిగా ఉంటే ఆ ఒక్క మిల్లీగ్రామునూ మడ్డే తినేస్తుంది. బిందెలో మిగిలేది సున్నా. రిజిస్టరులో మాత్రం 'క్లోరినేషన్ చేయబడినది' అని ఉంటుంది. రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు. వేసింది వేశామని రాశారు, మిగిలింది ఎవరూ చూడలేదు.

వేసే పద్ధతిలోనూ తేడా ఉంది. పిడికెడు పౌడరు తీసి మూతలోంచి విసిరితే సున్నం ముద్దలు అడుగున కూర్చుంటాయి, క్లోరిన్ నీటిలో సమంగా కలవదు. ముందుగా ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీటితో పౌడరును ముద్దలా కలిపి, నీళ్లు పెంచి, పది నిమిషాలు తేరనిచ్చి, పైన తేటను మాత్రమే తీసుకోవాలి. ట్యాంకర్ సగం నిండాక ఆ తేట పోసి, మిగతా సగం నింపితే నీటి ఒరవడికి, దారి కుదుపులకు బాగా కలుస్తుంది. క్లోరిన్ పనిచేయడానికి కనీసం 30 నిమిషాలు పడుతుంది. ఆ అరగంట ప్రయాణంలోనే గడిచిపోతుంది. నీళ్లు పట్టేచోట కొలిస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాములు, ఇంటి బిందెలో కొలిస్తే 0.2కు తగ్గకుండా ఉండాలి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 కనీసంగా చెప్పేది ఆ 0.2నే. వైరస్‌ల భయం ఉన్నప్పుడు 0.5 ఉండాలని కూడా అదే చెబుతుంది.

నీళ్లు మడ్డిగా ఉంటే క్లోరిన్ పెంచుకుంటూ పోవడం పరిష్కారం కాదు. మట్టి రేణువు చాటున దాక్కున్న క్రిమికి క్లోరిన్ తగలదు. మడ్డి 5 ఎన్‌టీయూ (మడ్డిని కొలిచే ప్రమాణం) లోపలికి వచ్చాకే క్లోరిన్ వేయాలి. పటిక తిప్పి నీళ్లు తేర్చడం మన ఇళ్లలో ఎరిగిన పనే. లంక గ్రామాల్లో పెద్దవాళ్లు ఇండుప గింజ అరగదీసి గోదారి నీళ్లు తేర్చిన రోజులూ ఉన్నాయి. తేరిన నీళ్లు కంటికి బాగుంటాయి, అంతే. క్రిములు అందులోనే ఉంటాయి. 5,000 లీటర్లకు 250 గ్రాముల పటిక, అంటే లీటరుకు 50 మిల్లీగ్రాములు, మామూలు వరద నీటికి మొదటి అంచనా. సరైన మోతాదును ముందు నాలుగైదు సీసాల్లో వేర్వేరుగా వేసి చూసుకోవాలి. పటిక కరిగించి పోసి, కాసేపు గట్టిగా, తర్వాత నెమ్మదిగా తిప్పి, గంటకు పైగా కదపకుండా ఉంచి, పై నీటిని వేరే ట్యాంకులోకి తోడి, అప్పుడు క్లోరిన్ వేయాలి. ఈ వరస తిరగబడితే క్లోరిన్ మట్టిపాలే.

ఇక కొలవడం. చాలా చోట్ల ఇప్పటికీ పసుపు రంగు తేలే ఆర్థోటాలిడిన్ చుక్కలతోనే కొలుస్తున్నారు. చుక్కలు వేసిన పది సెకన్లలోపు రంగు చూస్తేనే అది స్వేచ్ఛా క్లోరిన్, అంటే ఇంకా దేనితోనూ కలవని క్లోరిన్ లెక్క. ఇంకాసేపు ఆగితే మురికితో కలిసిపోయి బలం తగ్గిన క్లోరిన్ కూడా రంగు చూపి, లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది. పైగా ఆ రసాయనం ఆరోగ్యానికి మంచిది కాదు. గులాబీ రంగు తేలే డీపీడీ బిళ్ళలు మేలు. 10 మిల్లీలీటర్ల నీటిలో ఒక బిళ్ళ చిదిమి, కలిపి, వెంటనే రంగు పోల్చి చూడాలి. దీనిలోనూ ఒక మెలిక ఉంది. క్లోరిన్ మరీ ఎక్కువైతే గులాబీ రంగు వచ్చినట్టే వచ్చి మాయమవుతుంది. అది తెలియనివాళ్లు 'క్లోరిన్ లేదు' అనుకుని ఇంకో గుప్పెడు వేస్తారు. రంగు తేలకపోతే అదే నీటిని పదింతలు క్లోరిన్ లేని మంచి నీటితో పలచన చేసి మళ్లీ చూడమని ఒక్క వాక్యం కిట్ మూత మీద అంటించాలి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు నీటి పరీక్షల శిక్షణ ఇవ్వాలన్నది ఉండనే ఉంది. వరద రోజుల్లో ఆ కిట్లు పంచాయతీ బీరువాలో తాళం వేసి ఉండకూడదు, ట్యాంకర్ దగ్గర ఉండాలి.

ఇంకో మాట. మన దగ్గర ఇళ్లన్నీ ఆర్‌వో క్యాన్ నీటి రుచికి అలవాటుపడ్డాయి. క్లోరిన్ వాసన తగిలితే 'మందు వాసన' అని పారబోసి, అదే చేత్తో పక్కన ఏదో ప్లాంటు నుంచి క్యాన్ తెచ్చుకుంటారు. ఆర్‌వో ప్లాంటులో కార్బన్ ఫిల్టరు నీటిలో ఉన్న క్లోరిన్‌ను కూడా తీసేస్తుంది గనుక ఆ క్యాన్‌లో కాపలా అంటూ ఏదీ ఉండదు. ప్లాంటు మునిగి లేచినదైతే, క్యాన్లు వరద నీటిలో తేలినవైతే ఇక చెప్పనక్కర్లేదు. చేతిలో టీడీఎస్ మీటరు పెట్టుకుని '80 చూపిస్తోంది, శుభ్రంగా ఉన్నాయి' అనేవాళ్లు ఎందరో. టీడీఎస్ లవణాలను కొలుస్తుంది, క్రిములను కాదు. మురుగు కలిసిన వాన నీటికి కూడా టీడీఎస్ తక్కువే ఉండొచ్చు. వరద మండలాల్లో ఆర్‌వో ప్లాంట్లు తిరిగి తెరిచే ముందు ట్యాంకులు, పైపులు క్లోరిన్‌తో కడిగారో లేదో చూడాలి. క్యాన్ నింపేటప్పుడు 0.2 మిగులు క్లోరిన్ ఉండాలన్న షరతు నెల రోజులపాటైనా పెట్టాలి. అలాగే మైకులో ప్రచారం చేసేటప్పుడు 'ఈ వాసనే మీకు రక్ష, అరగంట మూత తీసి ఉంచితే తగ్గుతుంది' అని సూటిగా చెప్పించండి. వాసన గురించి మాట్లాడకుండా 'కాచి చల్లార్చిన నీరు తాగండి' అని మాత్రమే చెబితే లాభం లేదు. వంటచెరకు తడిసి, గ్యాస్ బండ కొట్టుకుపోయిన ఇంట్లో ఏం పెట్టి కాస్తారు?

ట్యాంకర్లు ఎక్కువ ఉంటే ఎక్కువ మందికి నీళ్లు అందుతాయని అనుకుంటారు. ఉన్న ట్యాంకర్లు ఎక్కడ ఆగిపోతున్నాయో చూడరు. ట్యాంకర్‌కున్న ఆరు కుళాయిల నుంచి నిమిషానికి 7.5 లీటర్ల చొప్పున పట్టుకుంటే 5,000 లీటర్లు ఖాళీ అవడానికి 111 నిమిషాలు పడుతుంది. నింపడానికి, రాకపోకలకు ఒక గంట వేసుకున్నా పది గంటల పనిదినంలో అది మూడు ట్రిప్పులకు మించదు. అదే చోట 5,000 లీటర్ల సింటెక్స్ ట్యాంకు ఎత్తు మీద పెట్టి, దానికి ఆరు కుళాయిల స్టాండు బిగిస్తే ట్యాంకర్ పావుగంటలో మోటారుతో అందులోకి తోడి వెళ్లిపోతుంది. ఇలాంటి స్టాండ్లు రెండు చోట్ల ఉంటే అప్పుడు ఎనిమిది ట్రిప్పులు. 15,000 లీటర్లు ఇచ్చే బండి 40,000 లీటర్లు ఇస్తుంది. జనం ట్యాంకర్ వెంట పరుగెత్తి, పైపులు లాక్కుని, మూతలోంచి మురికి పైపును లోపలికి దించే తోపులాటా తప్పుతుంది.

నిండిన ఆ ట్యాంకు అయిదు టన్నుల బరువు. నానిన నేల మీద రెండు వరసల ఇటుకలు పేర్చి పెడితే రాత్రికి ఒరిగిపోతుంది. ఇసుక బస్తాలు కాదు, సిమెంటు వరలలో కంకర కూరి, పైన పలక వేసి మీటరు ఎత్తు దిమ్మె కట్టాలి. ఇది ఎండాకాలంలో ముందే కట్టి ఉంచుకోదగ్గ పని, తుపాను షెల్టరు పక్కన, బడి ఆవరణలో. కుళాయికి 250 మంది లెక్కన ఆరు కుళాయిలకు 1,500 మంది. మనిషికి 15 లీటర్ల చొప్పున రోజుకు 22,500 లీటర్లు, అంటే అయిదు లోడ్లకు కాస్త తక్కువ. ఇంటి నుంచి 500 మీటర్ల లోపు ఉండాలి, వరసలో అరగంటకు మించి నిలబెట్టకూడదు. కుళాయిలు ఇత్తడివి వద్దు, దొంగల పాలవుతాయి. నొక్కితే వచ్చి వదిలితే ఆగే రకం వాడితే నీళ్లు వృథా కావు, కాళ్ల కింద బురదా తగ్గుతుంది.

బిందెల సంగతి మరచిపోతుంటాం. కొట్టుకుపోయిన ఇంట్లో బిందె కూడా ఉండదు. బియ్యం, కందిపప్పు కిట్టుతో పాటు మూత ఉన్న, మూతి సన్నగా ఉన్న 10 నుంచి 20 లీటర్ల డబ్బాలు ఇంటికి రెండు ఇవ్వాలి, ఒకటి తేవడానికి, ఒకటి నిల్వకు. వెడల్పు మూతి బిందెలో చెంబు ముంచినప్పుడల్లా చేతి మురికి దిగుతుంది. ట్యాంకర్ దగ్గర శుభ్రంగా ఉన్న నీళ్లు సాయంత్రానికి చెడిపోయేది ఇలాగే. మిగులు క్లోరిన్ ఉండాలని మేం అంత పట్టుబట్టడం కూడా అందుకే.

క్లోరిన్ బిళ్ళల పంపిణీ పడవల్లో చేరుకోవాల్సిన ఊళ్లకు మంచి మార్గమే. 20 లీటర్లకని తయారైన బిళ్ళ ఇచ్చి, ఇంట్లో 12 లీటర్ల స్టీలు బిందె ఉంటే మోతాదు ఒకటిన్నర రెట్లు దాటుతుంది, వాసనకు పారబోస్తారు. ఆ ప్రాంతంలో వాడే బిందె కొలతకు తగిన బిళ్ళే కొనాలి. బిళ్ళల్ని పారాసెటమాల్‌తో, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లతో ఒకే సంచిలో పెట్టి ఇవ్వడం ప్రమాదం. 'ఇది నీళ్లలో వేసేది, మింగేది కాదు' అని పెద్ద తెలుగు అక్షరాల్లో, బొమ్మతో ఉండాలి. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక మండలాలకైతే కోయ మాటలో కూడా చెప్పించాలి. ఓఆర్‌ఎస్ కలిపే నీళ్లకు కూడా క్లోరిన్ ఉండాలన్నది మైకు ప్రచారంలో ఎప్పుడూ వినబడదు.

బావులు, బోర్లు. నీట మునిగిన ప్రతి బోరునూ చెడినదిగానే లెక్కించాలి. 165 మిల్లీమీటర్ల బోరులో మీటరుకు 21 లీటర్ల పైచిలుకు నీళ్లు ఉంటాయి. 40 మీటర్ల నీటి స్తంభం అంటే సుమారు 855 లీటర్లు. లీటరుకు 50 మిల్లీగ్రాముల చొప్పున 43 గ్రాముల క్లోరిన్, కొత్త పౌడరు 130 గ్రాములు. తేట ద్రావణాన్ని బోరులో పోసి, పంపు కొట్టి దాని మూతి దగ్గర క్లోరిన్ వాసన వచ్చేదాకా తోడి, ఆపి, రాత్రంతా వదిలేసి, పొద్దున వాసన పోయేదాకా తోడి పారబోయాలి. ఆ పారబోసే నీళ్లు చేపల చెరువులోకి పోకూడదు. తర్వాత మురుగు క్రిములుంటే నల్లబడే హెచ్‌టూఎస్ పరీక్ష సీసాలో నీళ్లు పట్టి రెండు రోజులు ఉంచి, నల్లబడకపోతే సరే. నల్లబడితే మళ్లీ మొదటికి. రెండుసార్లు చేసినా నల్లబడుతుంటే తప్పు పౌడరులో లేదు, పగిలిన సిమెంటు చప్టాలోనో, కేసింగ్ పైపు చుట్టూ ఉన్న సందులోనో ఉంటుంది. దాన్ని పూడ్చకుండా మూడోసారి బ్లీచింగ్ పోయడం దండగ.

చేద బావికి కొలత లెక్క వేరు. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీటి లోతు ఉన్న బావిలో 9,420 లీటర్లు ఉంటాయి. ముందు బురద తోడి, గోడలు రుద్ది, ఊరిన నీటిలో లీటరుకు 50 మిల్లీగ్రాముల లెక్కన కిలోన్నరకు కాస్త తక్కువ పౌడరు వేసి, రాత్రంతా ఉంచి తోడేయాలి. తర్వాత రోజువారీ మోతాదును, నీటికి ఎంత బ్లీచింగ్ కావాలో చూపే హొరాక్స్ కిట్‌తో తేల్చుకోవాలి. ఆరు తెల్ల కప్పుల్లో మొదట నీలం రంగు తేలిన కప్పు సంఖ్యను రెండుతో గుణిస్తే 455 లీటర్లకు ఎన్ని గ్రాములో వస్తుంది. పాత కిట్ అని చిన్నచూపు చూస్తారు గానీ దీనిలో ఒక సుగుణం ఉంది. మన దగ్గరున్న పౌడరుతోనే పరీక్షిస్తాం కాబట్టి అది పాతబడి ఎంత బలహీనపడిందో లెక్క దానంతటదే సరిపోతుంది. బావిలోకి మనిషిని దించే ముందు మోటారు కరెంటు తీసేయడం, లోపల గాలి ఆడేలా చూడడం, నడుముకు తాడు కట్టడం తప్పనిసరి. సంపులకూ ఇదే. మూసి ఉన్న సంపులో పేరుకున్న గాలికి ప్రాణాలు పోయిన వార్తలు ఏటా చూస్తున్నాం. కడగడానికి బాత్‌రూం యాసిడ్, బ్లీచింగ్ రెండూ కలిపితే విషవాయువు పుడుతుంది. అదీ చెప్పించాలి.

సముద్రం పక్క ఊళ్లలో మాత్రం పైన చెప్పిన 'తోడేయండి' అన్న మాటే ఎదురు తిరుగుతుంది. కోనసీమ, కృష్ణా, బాపట్ల తీరాల ఇసుక నేలల్లో ఉప్పునీటి మీద తేలుతున్న మంచినీటి పొరే బావుల్లో ఊరేది. సముద్ర మట్టానికి ఒక మీటరు ఎత్తున మంచినీరు ఉంటే కింద సుమారు 40 మీటర్ల లోతుదాకా ఆ పొర ఉంటుందని భూగర్భజల శాస్త్రం చెప్పే లెక్క. పైన ఒక అడుగు తగ్గిస్తే కింద 40 అడుగుల ఉప్పునీరు పైకి జరుగుతుంది. ఉప్పెన నీరు బావిలో పడిందని పెద్ద మోటారు పెట్టి రోజుల తరబడి తోడితే ఉప్పు తగ్గకపోగా అడుగు నుంచి కొత్త ఉప్పు వస్తుంది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత శ్రీలంక తూర్పు తీరంలో మళ్లీ మళ్లీ బావులు తోడించి ఈ పాఠం నేర్చుకున్నారు. ఇక్కడ చేయాల్సింది ఒక్కసారి, నెమ్మదిగా, చిన్న పంపుతో బురద మాత్రం తీసి ఆపేయడం. తర్వాత పడే వానలే ఉప్పును కిందికి తోస్తాయి. అప్పటిదాకా ఆ బావి నీళ్లు గిన్నెలకు, బట్టలకు వాడుకోనిచ్చి, తాగడానికి బయటి నుంచి తేవాలి. ఉప్పుకు బ్లీచింగ్ మందు కాదు. టీడీఎస్ మీటరు ఉపయోగపడే చోటు నిజానికి ఇదే. 500 లోపు మంచిది, వేరే దారి లేకపోతే 2,000 దాకా అనుమతి.

డెల్టాలో కాలువ నీళ్లు నింపుకునే మంచినీటి చెరువులు, వాటి పక్క స్లో శాండ్ ఫిల్టర్లు (ఇసుక గుండా నీరు నెమ్మదిగా దిగి వడకట్టే తొట్లు) మీ శాఖవే. వీటి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు చాలా మంచి ఉద్దేశంతో జరుగుతుంది. ఆ ఇసుక పైన సన్నటి జిగురు పొర ఉంటుంది. క్రిములను పట్టి తినేది ఆ పొరే. కింద ఇసుక చేసే పని దానితో పోలిస్తే కొంతే. వరద తర్వాత కంగారులో చెరువులోనో, ఫిల్టరులోకి వచ్చే నీటిలోనో బ్లీచింగ్ వేస్తే ముందు చచ్చేది ఆ పొర. నీరు తేటగా వస్తూనే ఉంటుంది, వడపోత మాత్రం పోయి ఉంటుంది. క్లోరిన్ ఎప్పుడూ ఫిల్టరు దాటాకే వేయాలి. మడ్డి నీటిని నేరుగా ఎక్కిస్తే ఇసుక ఒకటి రెండు రోజుల్లోనే పూడుకుపోతుంది. అప్పుడు పైన రెండు మూడు సెంటీమీటర్ల ఇసుక గీకి తీయాలి. గీకాక పొర మళ్లీ కట్టేదాకా ఆ బెడ్ నీళ్లు పారబోయాలి, లేదంటే క్లోరిన్ పెంచి, రోజూ హెచ్‌టూఎస్ సీసాతో చూస్తూ వాడాలి. రెండు బెడ్‌లు ఉంటే రెండూ ఒకేరోజు గీకకండి. చదరపు మీటరుకు గంటకు 100 నుంచి 200 లీటర్లు దాటి లాగితే వడపోత పనిచేయదు. ఊరంతా దాహంతో ఉందని వాల్వు పూర్తిగా తిప్పేస్తారు, జరిగేది అదే. పక్కన రొయ్యల చెరువులు తెగి ఉప్పునీరు మంచినీటి చెరువులో కలిస్తే మాత్రం ఏ ఫిల్టరూ ఏమీ చేయలేదు. గట్టు ఎత్తు పెంచి, చుట్టూ మురుగు మళ్లించే బోదె తవ్వడం ఒక్కటే దారి. అది వానల ముందు చేయాల్సిన పని.

పైపులైన్ల విషయం. కరెంటు పోయి మోటారు ఆగగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది. పైన రెండడుగుల మురుగు నిలిచి, పైపుకు చిన్న చిల్లు ఉంటే మురుగు లోపలికి పీల్చుకుంటుంది. కుళాయికి నేరుగా మోటారు బిగించుకున్న ఇళ్లు ఆ పీల్పును ఇంకా పెంచుతాయి. అందుకే మునిగే వీధుల వాల్వులు ముందే మూసేయాలి. తిరిగి వదిలేటప్పుడు చివరి కుళాయిలు తెరిచి తేట నీరు వచ్చేదాకా పారించి, వారం రోజులు చివరి కుళాయి దగ్గర లీటరుకు 1 మిల్లీగ్రాము ఉండేలా చూడాలి. మొదటి రోజు వచ్చే నీరు తాగొద్దని ముందే చాటించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో నీళ్లు లేకపోవడానికి పెద్ద కారణం కరెంటు లేకపోవడమే. 10 హెచ్‌పీ మోటారుకు 25 కేవీఏ జనరేటరు అద్దెకు తేవాలని ముందే రాసుకోవాలి. మోటారు స్టార్టయ్యే క్షణంలో లాగే కరెంటు మామూలుకు అనేక రెట్లు ఉంటుంది గనుక లెక్కకు సరిగ్గా సరిపోయే చిన్న జనరేటరు తెస్తే ఆ క్షణంలోనే ఆగిపోతుంది. స్టార్టరు బోర్డును గోడ మీద ఒక మీటరు పైకి జరపడానికి అయ్యే ఖర్చు ఎంతో మీ అసిస్టెంట్ ఇంజనీర్లను అడగండి.

గోదావరి వరద చెప్పి వచ్చే వరద. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో అది 71.3 అడుగులు తాకింది, 1986 తర్వాత అంత ఎత్తు చూడలేదు. ఈ మూడు అంకెలకూ నీళ్ల పని ముడిపెట్టవచ్చు. మొదటి హెచ్చరికకు ఓవర్‌హెడ్ ట్యాంకులన్నీ నింపి 1 మిల్లీగ్రాము క్లోరిన్‌తో ఉంచడం, రెండోదానికి పౌడరు, కిట్లు, డబ్బాలు షెల్టర్లకు చేర్చడం, మూడోదానికి పల్లపు వాల్వులు మూసి స్టార్టరు బోర్డులు విప్పడం. ఇప్పుడు మనుషులను, పశువులను తరలించడానికి ఉన్న వేళాపట్టిక నీళ్లకు లేదు.

చివరగా సరుకు. 50,000 జనాభా ఉన్న మండలానికి మనిషికి 15 లీటర్ల చొప్పున రోజుకు ఏడున్నర లక్షల లీటర్లు. లీటరుకు 2 మిల్లీగ్రాములంటే కిలోన్నర క్లోరిన్, 33 శాతం పౌడరు నాలుగున్నర కిలోలు. పదిహేను రోజులకు 68 కిలోలు. వంద బావులు శుద్ధి చేయాలంటే ఇంకో 150 కిలోలు. మొత్తం 25 కిలోల బస్తాలు తొమ్మిది, పాడైనవాటికి ఒకటి కలిపి పది. ఒక ఆటోలో పట్టే సరుకు. ఒక పెద్ద పర్యటనకు రోడ్ల మీద చల్లేదానితో దీన్ని ఒకసారి పోల్చి చూడమని మనవి. వీలైతే బస్తాలకు బదులు 65 శాతం పైగా క్లోరిన్ ఉండే హైపోక్లోరైట్ గుళికలను మూత గట్టిగా ఉన్న డ్రమ్ముల్లో కొనండి. బరువు సగం, నిల్వ ఎక్కువ. డీజిలు, నూనె డబ్బాల పక్కన మాత్రం పెట్టకూడదు, అంటుకుంటుంది. 1,500 మందికి ఒకటి చొప్పున 33 నీళ్ల స్టాండ్లు, ఒక్కో చోట రోజుకు అయిదు పరీక్షలు, పదిహేను రోజులకు సుమారు 2,500 డీపీడీ బిళ్ళలు. వీటన్నిటి మీదా తయారైన నెల రాసి, ఏటా మే నెలలో పౌడరు బలం పరీక్షించి, 25 శాతం కంటే కిందికి పడిపోయినదాన్ని మురుగు కాలువలకు వాడేసి కొత్తది తెప్పించాలి.

ఇవన్నీ ఒకేసారి కుదరకపోతే ఒక చిన్న ఉత్తర్వుతో మొదలుపెట్టండి. ట్యాంకర్ రిజిస్టరులో ఇప్పుడున్న 'వేసిన బ్లీచింగ్' గడి పక్కన ఇంకో మూడు గడులు చేర్చండి: నీళ్లు పట్టిన సమయం, చివరగా నీళ్లు పట్టుకున్న ఇంటి బిందెలో మిగులు క్లోరిన్, కొలిచిన మనిషి సంతకం. రోజూ సాయంత్రం ఆరు గంటలకు ఊరి సచివాలయం గోడ మీద ఆ అంకె రాయించండి. 0.2 కంటే తక్కువ వచ్చిన వీధికి ఆ రాత్రే క్లోరిన్ బిళ్ళలు చేరాలి.

ఇట్లు,
నీటి సరఫరా, నీటి పరీక్షల పనిలో ఉన్న కొందరు ఇంజనీర్లు, ల్యాబ్ సిబ్బంది